దేశాంతర వివాహములు - తల్లి వెంట వచ్చిన బిడ్డ

(కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంస్మరణార్థము రాజమహేంద్రవరమున చేసిన ఉపన్యాసపాఠము)



పంతులుగారి స్మరణార్థము కూడిన సభలో వీసాలను గూర్చి మాట్లాడదలచితినని విన్న మిత్రులు కొందరు విస్మయము చెందిరి. సాహిత్యమును గూర్చియో సంఘసంస్కరణమును గూర్చియో ప్రసంగింపవలసిన వేదికమీద రాయబార కార్యాలయముల దరఖాస్తుల ముచ్చట యేల యని వారి సందేహము. నాకు మాత్రము ఈ రెండును వేరు విషయములుగా తోచలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ పట్టణమునందు గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిననాడు, బంధువులు మొగము చాటువేయగా, విద్యార్థులు అండగా నిలువగా నెరవేరిన ఆ శుభకార్యము లోకము ముందుంచిన ప్రశ్న యొక్కటే: ఇద్దరు మనుష్యులు ఇష్టపూర్వకముగా కట్టుకొన్న సంసారమును తక్కినవారు సంసారమని ఒప్పుకొందురా, ఒప్పుకొనరా? ఆ ప్రశ్నను ఆనాడు పీఠాధిపతులును కులపెద్దలును అడిగిరి. పరదేశీయుడైన భర్తతోనో పరదేశీయురాలైన భార్యతోనో సముద్రము దాటదలచిన గోదావరి సీమవారిని నేడు కాన్సులేటు అధికారి అడుగుచున్నాడు.

అయితే ఆ దంపతుల వెనుక, కొంగు పట్టుకొని, మరియొక ప్రాణి నిలిచియుండుట కలదు: మొదటి పెండ్లివలన కలిగిన బిడ్డ. నా ప్రసంగమంతయు ఆ బిడ్డను గూర్చియే.

వితంతువునకు పునర్వివాహాధికారము నొసగిన 1856వ సంవత్సరపు చట్టమునే చూడుడు. దాని 2వ సెక్షను మారుమనువాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిమీద గల హక్కును తీసివైచెను. 3వ సెక్షను, ఆ భర్త వీలునామాలో సంరక్షకుని నియమింపకయే మరణించిన పక్షమున, అతని తల్లిదండ్రులుగాని తాతగాని మరియే పురుషబంధువుగాని న్యాయస్థానము నాశ్రయించి బిడ్డకు వేరొక సంరక్షకుని కోరవచ్చునని చెప్పెను. తల్లికి కల్యాణద్వారము తెరచిన శాసనమే బిడ్డను ఆ ద్వారమున కివతల నిలుపుటకు వీలు కల్పించెను. ఆ చట్టము 1983లో రద్దయినది. దానిలోని ఆలోచన మాత్రము రద్దు కాలేదు. భర్త గతించిన పిమ్మట పునర్వివాహము చేసికొన్న ఒక తెలుగు తల్లిమీద, బిడ్డ యొక్క తాతయు నాయనమ్మయు 2008లో సంరక్షకత్వమునకై వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యమున మన ఉన్నత న్యాయస్థానము, రికార్డులలో కన్నతండ్రి పేరు చూపవలెననియు, అది వీలుకానిచోట రెండవ భర్తను సవతి తండ్రి యని పేర్కొనవలెననియు ఆదేశించెను. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశము బిడ్డ మనస్సును గాయపరచునట్టిదనియు, క్రూరత్వమునకు దగ్గర యైనదనియు భావించి కొట్టివేసి, తండ్రి లేని బిడ్డకు తల్లియే సహజ సంరక్షకురాలు గనుక ఇంటిపేరు నిర్ణయించుటకును, రెండవ భర్తకు బిడ్డను దత్తత యిచ్చుటకును ఆమెకు అధికారము కలదని తేల్చెను. పంతులుగారు చేసిన తొలి వివాహమునకును ఈ తీర్పునకును నడుమ 140 సంవత్సరములు గడచినవి. ఇంతకాలము పట్టినందుకు నేను దుఃఖించుచున్నాను. తీర్పు వచ్చినందుకు సంతోషించుచున్నాను.

ఇంకొక మాట. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టపు 6వ సెక్షను సహజ సంరక్షకులను పేర్కొని, అందు తండ్రి యనగా మారుటి తండ్రియు, తల్లి యనగా మారుటి తల్లియు కారని వివరణలో స్పష్టముగా చెప్పుచున్నది. కావున వంట చేసి పెట్టి, ఫీజు కట్టి, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని కూర్చుండు ఆ మనుష్యుడు, విమానాశ్రయపు కౌంటరువద్ద బిడ్డకు చట్టరీత్యా పరాయివాడే. ఈ సంగతి మన యిండ్లలో చాలమందికి ఆ కౌంటరువద్దనే తెలియుచున్నది.

ఎల్లలు దాటుట మన డెల్టాకు నూతనము కాదు. పెండ్లికొరకు ఎల్ల దాటిన వింత చరిత్రయు మనకు కలదు. గౌతమీ తీరమునందలి యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెడిది. 1929లో శారదా చట్టము పుట్టి, 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి రాగా, ఈవలి జిల్లాలవారు పసిపిల్లలను యానామునకు గొనిపోయి అచట ముడి వేయించి తీసికొని రాజొచ్చిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చినది అందువలననే. పంతులుగారు జీవితమంతయు నిరసించిన బాల్యవివాహము, గట్టున కీవల నేరమై ఆవల శుభకార్యమయ్యెను. వివాహము చెల్లుట చెల్లకుండుట నిలుచున్న నేలను బట్టి మారునని మన తాతలు న్యాయశాస్త్రము చదువకయే యెరుగుదురు.

అదే యానాము మనకు మరియొక పాఠమును కూడ చెప్పగలదు. 1954 జూను 13న అచట ఫ్రెంచి పాలన అంతమయ్యెను. 1956 మే 28న భారత ఫ్రెంచి ప్రభుత్వములు ఒడంబడిక వ్రాసికొన్నవి. అది 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. ఆ స్థావరములలో పుట్టి అచటనే నివసించుచుండిన ఫ్రెంచి జాతీయులు భారతీయులగుదురనియు, ఫ్రెంచి జాతీయతనే నిలుపుకొన గోరువారు ఆరు మాసములలోపల లిఖితపూర్వకముగా ప్రకటింపవలెననియు అందు నిర్ణయింపబడెను. పదునెనిమిదేండ్లలోపు అవివాహిత సంతానము జాతీయతను తండ్రి ప్రకటన నిర్ణయించును. తండ్రి గతించినచో తల్లి. ఇరువురును గతించినచో చట్టసమ్మతుడైన సంరక్షకుడు. బిడ్డల పేర్లు ఆ ప్రకటనలోనే వ్రాయబడవలెను. ఈ వరుసలో మారుటి తండ్రికి చోటు లేదు. పేరు వ్రాసిన బిడ్డ యొక దేశపు వాడు, వ్రాయని బిడ్డ మరియొక దేశపు వాడు. ఆరు మాసముల గడువులో ఒక కాగితముమీద పడిన సంతకము ఆ కుటుంబములకు తరతరముల గమ్యమును నిర్ణయించెను. బిడ్డ పేరును కాగితముమీద వ్రాయుట అనునది ఎంతటి గురుతర కార్యమో యానామువారిని అడిగిన చెప్పుదురు.

కోరంగి రేవునుండి 1843లో కోరంగి పాకెట్ అను ఓడలో మారిషసునకు పోయిన కూలీల మాటయు, రంగూను మిల్లులకు పోయిన మనవారిని బర్మీయులు ఆ రేవు పేరిటనే కోరంగీలని పిలిచిన మాటయు మీరెరుగనివి కావు. 1941లో భారత బర్మాల నడుమ వలసలపై కుదిరిన ఒప్పందమునందు, భారతీయ పురుషుడు బర్మా స్త్రీతో వివాహమాడుటయో సహజీవనము చేయుటయో అతని అనుమతిని రద్దుచేయుటకు హేతువు కాదగునను నిబంధనము కలదు. దానిపై దేశమున గొప్ప ఆగ్రహము పుట్టెను. యుద్ధము వచ్చి ఆ ఒప్పందమును ముంచివేసెను గాని, ప్రేమను అనుమతిపత్రపు షరతుగా జేయు బుద్ధి ప్రభుత్వములకు ఎంత సులభముగా పుట్టునో అది తెలుపుచున్నది.

భీమవరమున 1895లో జన్మించి ఈ రాజమహేంద్రవరమున చదివిన వైద్యశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో విద్యార్థిగా అమెరికా చేరిరి. 1917 నాటి అమెరికా చట్టము ఆసియావారిని నిషేధించుచునే విద్యార్థులకును, వారి భార్యలకును, పదునారేండ్లలోపు బిడ్డలకును మినహాయింపు నిచ్చెను. 1924 నాటి చట్టము మతబోధకులకును ఆచార్యులకును మాత్రమే భార్యాబిడ్డలను రప్పించుకొను మార్గము నుంచి, విద్యార్థి ఆలుబిడ్డల మాట యెత్తకయే విడిచెను. సుబ్బారావుగారు 1948లో అచటనే కన్నుమూసిరి. భార్య శేషగిరమ్మగారు ఏనాడును వారిని చేరలేదు. ఆ యెడబాటునకు చట్టమొక్కటియే కారణమని నేను చెప్పను. కాని చట్టము మౌనము వహించినచోట ఇల్లాలు గడపలోనే నిలిచిపోవుననుటకు ఇంతకంటె మనకు దగ్గరి నిదర్శనము లేదు.

ఇక వర్తమానమునకు వత్తము. అమలాపురము, నరసాపురము, తణుకు, కాకినాడలనుండి న్యాయసలహాకై వచ్చువారి కథలలో వివరములు వేరైనను వరుస యొక్కటే. విడాకులు పొందిన యువతి, విదేశ పౌరసత్వము గల వానిని వివాహమాడినది. ఆమెకు మొదటి పెండ్లి బిడ్డ కలడు. లేదా మన యువకుడు పరదేశమున ఉద్యోగము చేయుచు, బిడ్డ గల పరదేశీయురాలిని చేపట్టినాడు. వారు మొట్టమొదట అడుగు ప్రశ్న: “ఏ వీసా అయితే తొందరగా వస్తుందండీ?” బిడ్డ మాట యెత్తగానే వచ్చు సమాధానము: “ముందు మేమిద్దరం వెళ్లి స్థిరపడతామండీ, బాబుని తరవాత తీసుకెళ్తాం.” నేను చెప్పవచ్చినది యిదియే. ఆ ‘తరవాత’ అను మాట మహా ప్రమాదకరమైనది. దంపతుల దరఖాస్తు ఆలస్యమైనచో ఆలస్యమే. బిడ్డ దరఖాస్తు ఆలస్యమైనచో తలుపు మూతపడుట కూడ కలదు. ఏ దేశమునకు పోవలెనో, ఏ మార్గమున పోవలెనో, ఎప్పుడు పెండ్లి చేసికొనవలెనో కూడ బిడ్డ వయస్సును చేతబట్టుకొని నిర్ణయింపవలెను.

అమెరికా సంగతి చూతము. ఆ దేశపు వలస చట్టము మారుటి బిడ్డను బిడ్డగానే గ్రహించును, దత్తత అక్కరలేదు. కాని తల్లికిని మారుటి తండ్రికిని పెండ్లి జరుగునాటికి ఆ బిడ్డకు 18 ఏండ్లు నిండియుండరాదు. పదునెనిమిదవ పుట్టినరోజు వెళ్లిన మరుసటి వారము పెండ్లియైనచో మారుటి తండ్రి పిటిషను వేయుటకు వీలులేదు. మంచి ముహూర్తమునకై మాఘమాసము వరకు ఆగుదమనుకొనువారు ఈ సంగతిని పంచాంగముకంటె ముందు చూడవలెను. కాబోయే జీవిత భాగస్వామికిచ్చు కె-1 వీసాపై పోవువారి బిడ్డకు కె-2 వీసా కలదు. దానికి 21 ఏండ్లలోపు వయస్సు చాలును. పౌరుడైన భర్త భార్యకు వేసిన పిటిషనులో బిడ్డ తానంతట చేరిపోడు. బిడ్డకు వేరుగా ఐ-130 పిటిషను వేయవలెను. గ్రీన్ కార్డు మాత్రమే కల భర్త భార్యకు వేసిన పిటిషనులోనో, బిడ్డ తల్లి వెంట చేరవచ్చును. ఈ వ్యత్యాసము తెలియక, ఆమెకు వీసా వచ్చి బిడ్డకు రాక, తల్లి విమానమెక్కనా మాననా యని ఏడ్చిన కుటుంబములు కలవు. పౌరుడు పిటిషను దాఖలు చేసిన తేదీననే బిడ్డ వయస్సు లెక్కకు నిలిచిపోవును గనుక త్వరపడుట అందు సార్థకము. హెచ్-1బి ఉద్యోగి వెంట హెచ్-4 పై పోవు బిడ్డకు ఆ యూరట లేదు. 21 నిండిన దినమున ఆ స్థితి ముగియును. మరియు, 2000 నాటి చట్టమువలన బిడ్డలకు తమంతట సంక్రమించు పౌరసత్వము మారుటి తండ్రినుండి రాదు. కన్నతల్లి పౌరురాలైనప్పుడు, బిడ్డ 18 ఏండ్లలోపువాడై ఆమె వద్ద శాశ్వతనివాసిగా నున్నచో, ఆమెనుండి వచ్చును.

కెనడాలో దయ యెక్కువ, కాఠిన్యమును ఎక్కువే. 22 ఏండ్లలోపు అవివాహిత సంతానమును, తనదైనను జీవిత భాగస్వామిదైనను, అచట ఆశ్రిత సంతానముగా నెంచుదురు. పెండ్లి లేకయే ఒక్క సంవత్సరము కలసి కాపురము చేసినవారినికూడ జంటగా ఒప్పుకొందురు. కాని శాశ్వతనివాసమునకు దరఖాస్తు చేయువాడు తన బిడ్డలందరిని, వెంట వచ్చుచున్నను రాకున్నను, పేర్కొని పరీక్షకు నిలుపవలెను. అట్లు చేయనిచో ఆ బిడ్డ పిమ్మట కుటుంబ వర్గమున చేరుటకు అనర్హుడగును. 2019 సెప్టెంబరు నుండి కొందరికి సడలింపు నిచ్చుచున్నారు గాని దానిని నమ్ముకొని తప్పు చేయరాదు. మన సంగతి మనము చెప్పుకొనవలెను: రెండవ సంబంధము మాటలాడునప్పుడు మొదటి పెండ్లిని, అందు కలిగిన బిడ్డను దాచుట మన వాడుకలో లేకపోలేదు. అమ్మమ్మ యింట పెరుగుచున్న బిడ్డను పెద్దలు ‘మా మనుమడు’ అని మాత్రము చెప్పి ఊరకుందురు. కొత్త వియ్యంకులవద్ద దాచిన నిజము కొన్నాళ్లకు సర్దుకొనవచ్చును. దరఖాస్తులో దాచిన నిజము బిడ్డ భవిష్యత్తును కాల్చివేయును.

ఇంగ్లండులో ఆదాయపు గోడ యెత్తైనది. జీవిత భాగస్వామిని రప్పించువాడు 2012లో సంవత్సరమునకు 18,600 పౌనులు చూపిన చాలెడిది, బిడ్డలున్నచో మరికొంత. 2024 ఏప్రిలు 11 నుండి 29,000 పౌనులు చూపవలసి వచ్చినది, బిడ్డలకై వేరు మొత్తము లేదు. అంతకంటె కష్టమైనది వేరొకటి. కన్నతండ్రి స్వదేశములోనే యున్నచో, బిడ్డ బాధ్యత తల్లి యొక్కతెయే వహించుచున్నదని సామాన్యముగా నిరూపింపవలెను. బడి దరఖాస్తుమీద ఎవరి సంతకము, ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోయిరి, ఫీజు ఎవరి ఖాతానుండి పోయెను అను రసీదులే సాక్ష్యము. మన యిండ్లలో తాతగారు సంతకము చేయుట, మేనమామ ఫీజు కట్టుట సహజము. ఆ వాత్సల్యమే తల్లి వాదమునకు అడ్డు తగులును. కావున వెళ్లదలచిన తల్లి కొన్నియేండ్ల ముందునుండియే ఈ కాగితములు తన పేరిట నుండునట్లు చూచుకొనవలెను. ఆస్ట్రేలియాలో భాగస్వామి వీసా దరఖాస్తులోనే బిడ్డను చేర్పవచ్చును, కన్నతండ్రి అంగీకారమో న్యాయస్థానపు ఉత్తరువో చూపవలెను. దుబాయి మొదలగు ఎమిరేట్లలో మారుటి బిడ్డను తెచ్చుకొనువాడు ఒక్కొక్క బిడ్డకు ధరావతు కట్టి, కన్నవారి లిఖితాంగీకారము చూపి, ఏటేటా అనుమతిని పునరుద్ధరించుకొనవలెను. కువైటు ఇండ్లలో పనిచేయుటకు పోవు మన కోనసీమ స్త్రీలకు ఏ బిడ్డను తీసికొనిపోవుటకును వీలు లేదు; వారి కథకు ఒక ఉపన్యాసము చాలదు.

ఈ మార్గములన్నిటికిని ముందు, మొదటి పెండ్లి చట్టరీత్యా తెగినదా యని చూడవలెను. తిరుపతిలో పెండ్లియాడిన ఒక తెలుగు భర్త అమెరికాలోని మిస్సోరీ న్యాయస్థానమున విడాకులు పొంది మరల వివాహము చేసికొనగా, 1991లో సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇచట చెల్లవని చెప్పెను: ఏ చట్టము క్రింద పెండ్లి జరిగెనో ఆ చట్టపు కారణములపైననే, ఉభయులును న్యాయముగా పాల్గొనిన విచారణలోనే అవి పొందవలెను. పునాది యట్లు కదలినచో దానిమీది మారుటి సంబంధమును కదలును. పరదేశీయునితో వివాహమునకు ఇచట 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము కలదు. జిల్లాలో ఒకరైనను 30 దినములు నివసించి, 30 దినముల నోటీసు ఇయ్యవలెను. విదేశమునందైనచో 1969 నాటి విదేశ వివాహ చట్టము క్రింద మన కాన్సులేటులో చేసికొనవచ్చును. జనన పత్రములు, విడాకుల డిక్రీ, వివాహ పత్రము వీనికి అపోస్టిల్ అను ధ్రువీకరణ ముద్రను కొన్ని దేశములవారు అడుగుదురు. 2005 నుండి మన దేశమున ఆ సదుపాయము కలదు.

పరదేశపు కోడలు బిడ్డతో ఈ గోదావరి గట్టుననే కాపురమునకు వచ్చునెడల మన ద్వారమెట్లున్నదని ఆత్మపరీక్ష చేసికొనుట న్యాయము. పెండ్లి నమోదై రెండేండ్లు నిలిచినచో ఆమెకు ప్రవాస భారత పౌరసత్వపు (ఓసీఐ) కార్డు రాగలదు. ఏడేండ్లు ఇచట నివసించినచో పౌరసత్వము నడుగవచ్చును. ఆమె వెంట వచ్చిన బిడ్డను గూర్చి ఓసీఐ సెక్షను ఒక్క మాటయు చెప్పదు. తల్లి కార్డు పట్టుకొని స్వేచ్ఛగా రాకపోకలు సలుపుచుండ, బిడ్డ ప్రవేశ వీసాను మాటిమాటికి పొడిగించుకొనుచు రిజిస్ట్రేషను కార్యాలయము చుట్టు తిరుగవలెను. ఇతర దేశములను విమర్శించుటకు ముందు మన శాసనకర్తలు ఈ లోపమును దిద్దవలెనని ఈ వేదికనుండి కోరుచున్నాను.

దత్తత చేసికొన్నచో అన్నియు చక్కబడునని కొందరు సలహా ఇచ్చుచుందురు. నేను ఆ సలహాను వీసా కొరకు ఇయ్యను. 1956 నాటి హిందూ దత్తత చట్టము హిందువులకే వర్తించును, బిడ్డకు సామాన్యముగా పదునైదేండ్లు నిండరాదు, కన్నతండ్రి జీవించియున్నచో అతని సమ్మతి కావలెను. భర్త హిందువు కానిచో 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద కేంద్ర దత్తత సంస్థయైన కారా ద్వారమున పోవలెను. దత్తత బిడ్డకును కన్నతండ్రి వంశమునకును గల చట్టబంధమును త్రెంచును. అది ప్రేమచేతను, బిడ్డ హితమునకొరకును జరుగవలసిన కార్యము. కాన్సులేటు వరుసలో త్వరగా నిలుచుటకై జరుగదగినది కాదు. పైన చెప్పిన దేశములలో పెక్కింటికి దత్తత లేకయే మారుటి సంబంధము చాలును.

మిగిలినది కన్నతండ్రి అంగీకారము. బిడ్డల అపహరణమును గూర్చిన 1980 నాటి హేగ్ ఒడంబడికలో మన దేశము చేరలేదు. కావున పరదేశపు అధికారి మన బిడ్డల దరఖాస్తులలో ఈ యంగీకారమునకై గట్టిగా పట్టుపట్టుట వింత కాదు. బాలల హక్కుల ఒడంబడికలో మాత్రము మనము 1992 డిసెంబరు 11న చేరితిమి; పంతులుగారు జరిపిన పెండ్లికి సరిగా 111 సంవత్సరములు నిండిన దినమది. కుటుంబము తిరిగి కలియుటకై పెట్టుకొన్న దరఖాస్తును మానవతతోను త్వరితముగాను పరిశీలింపవలెనని దాని 10వ అధికరణము, తన్ను గూర్చిన నిర్ణయములలో బిడ్డ మాట వినవలెనని 12వ అధికరణము చెప్పుచున్నవి.

1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును బాలలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. మన జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఇట్టి తల్లుల కొరకు తెలుగులో ఒక నమూనా అంగీకారపత్రమును సిద్ధము చేసి యుంచినచో మేలు. అందు బిడ్డ ఏ దేశమునకు ఎవరితో పోవుచున్నాడో, చదువు వైద్యములను గూర్చిన నిర్ణయములు ఎవరివో, కన్నతండ్రితో ఎప్పుడు మాటలాడునో, సెలవులకు ఎప్పుడు వచ్చునో, రానుపోను ఖర్చు ఎవరు భరింతురో స్పష్టముగా వ్రాయింపవలెను. పదేండ్లు దాటిన బిడ్డకు ఆ పత్రమును చదివి వినిపింపవలెను. అతనికి అభ్యంతరమేదైన నున్నచో, తల్లికి నచ్చినను నచ్చకున్నను, దానిని కూడ అందే వ్రాయవలెను.